ముగ్గుగీత మీద టెక్కి షోదాన్: కిబాదాచి చెదరకుండా కటా చేసే పద్ధతి

టెక్కి షోదాన్ కరాటేలో ఒక కటా, అంటే ఒంటరిగా చేసే కదలికల వరస. దీనికి మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు చోటుంటే చాలు. మిద్దె మీద నీళ్ల ట్యాంకుకీ పిట్టగోడకీ మధ్య మిగిలే జాగాలో కూడా పని జరిగిపోతుంది. దీనికి ముందు నేర్పే హేయాన్ కటాల్లో మాదిరి ముందుకు పోవడం, వెనక్కి తిరగడం, మూలలకు మళ్లడం ఇందులో లేవు. ఒకే గీత మీద కుడికి, ఎడమకి, మళ్లీ కుడికి. హేయాన్ ఐదూ అయిపోయి బ్రౌన్ బెల్ట్ దగ్గరికి వచ్చిన పిల్లలు దీన్ని చూసి ‘ఇంతేనా’ అనుకుంటారు. చేతులు రెండు రోజుల్లో పట్టేస్తారు. ‘వచ్చేసింది మాస్టర్’ అని కూడా అంటారు. వచ్చింది నడుం పైభాగం మాత్రమే. కిందికి చూస్తే మోకాళ్లు లోపలికి వాలి ఉంటాయి, పాదాలు బాతు కాళ్లలా బయటికి తెరుచుకుని ఉంటాయి, అడుగు దాటినప్పుడల్లా తల బావిలో బిందె మాదిరి మునిగి తేలుతుంటుంది.

పైన చేతులు ఎంత వేగంగా మారినా కింద కూర్చున్న కూర్చుడు చెదరకూడదు. ఈ కటా పెట్టే పరీక్ష అదొక్కటే. అందుకే ఇక్కడ కాళ్లు ముందు, చేతులు చాలా తర్వాత.

పేరు సంగతి ఒక మాటలో. కరాటే పుట్టిన ఒకినావా దీవుల్లో దీని పాతపేరు నైహాంచి. అక్కడి గురువు ఇతోసు అంకో దగ్గర నేర్చుకున్న ఫునకోషి గిచిన్ (1868–1957) జపాన్ ప్రధాన భూభాగానికి వచ్చాక దీనికి టెక్కి అని పేరు పెట్టాడు. ఇనుప రౌతు అని అర్థం. కిబాదాచి అన్నా గుర్రం మీద కూర్చున్న భంగిమే. మీ క్లాసు షితోర్యూ, వాదోర్యూ లాంటి వేరే కరాటే శైలిదైతే నైహాంచి పేరుతోనే నేర్పుతారు. అక్కడ నిలబడే తీరు ఇంకా ఇరుకు, కాలివేళ్లు కాస్త లోపలికి తిరిగి ఉంటాయి. కింద ఇచ్చిన కొలతలు షోటోకాన్ (ఫునకోషి శైలి) పద్ధతివి. రెండింటినీ కలిపేస్తే గ్రేడింగ్‌లో (బెల్ట్ పరీక్షలో) దొరికిపోతారు.

నేల, ఎండ, గీత

తిరుపతిలో మార్చి నుంచి జూన్ దాకా మిద్దె మీద చేయాలంటే పొద్దున ఆరున్నర లోపల, లేదంటే సాయంత్రం ఏడు దాటాక. పగలంతా కాగిన స్లాబ్ ఆరింటికి కూడా అరికాళ్లు మాడ్చేస్తుంది. అరికాలు మండుతుంటే పాదం అంచుల మీదికి ఎక్కుతుంది, వేళ్లు ముడుచుకుంటాయి, ఇక భంగిమ గురించి మాట్లాడుకోవడం దండగ.

ఇంట్లో అయితే కడప బండలు, టైల్స్. చెమట బొట్టు పడిందంటే కిబాదాచిలో రెండు కాళ్లూ చెరో పక్కకి జారతాయి, గజ్జల్లో కండరం పట్టేస్తుంది. పక్కనే పొడిగుడ్డ పెట్టుకుని రెండు మూడు సార్లకొకసారి తుడవండి. సాక్సులు అసలు వద్దు. గ్రౌండ్‌లో మట్టినేల మోకాలికి మంచిదే కానీ ముందు గులకరాళ్లు ఏరుకోవాలి.

ఇప్పుడు గీత. రెండు మేకులకో రెండు ఇటుకలకో దారం కట్టి లాగి, దాని వెంట ముగ్గుపిండితో మూడు మీటర్ల గీత గీయండి. సన్నగా గీయాలి, మందంగా పోస్తే పిండి మీదే కాలు జారుతుంది. టైల్స్ మీదైతే సుద్దముక్క మేలు. గీతకి నడిమధ్యలో అడ్డంగా జానెడు గుర్తు పెట్టండి. నిలబడేటప్పుడు బొటనవేళ్ల కొసలు గీతకి వెనక, తాకీ తాకనట్టు ఉండాలి. కటా అయిపోయాక ఎక్కడ పిండి చెరిగిందో చూస్తే ఏ అడుగు ముందుకు పారిపోయిందో తెలిసిపోతుంది. ఫోన్‌లో వీడియో తీసుకున్నా ఇంత కచ్చితంగా తెలియదు.

కిబాదాచి కొలత

‘భుజాల వెడల్పుకి రెండింతలు’ అని చెప్పడం అలవాటు. అది విని పిల్లలు తోచినంత చాచేస్తారు. సొంత పాదంతోనే కొలుచుకునే పద్ధతి ఒకటుంది. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడండి. మడమలు కదపకుండా వేళ్ల వైపు 45 డిగ్రీలు బయటికి తెరవండి. ఇప్పుడు వేళ్లు ఆనించి మడమలు బయటికి తిప్పండి, ఈసారి మడమలు అదే 45 డిగ్రీలు బయటికి ఉండాలి. చివరగా మడమలు ఆనించి, పాదాలు రెండూ సమాంతరంగా వచ్చేదాకా వేళ్లు తెరవండి. 25 సెంటీమీటర్ల పాదం ఉన్నవాళ్లకి మడమల మధ్య 70 సెంటీమీటర్ల దరిదాపుల్లో వస్తుంది. మొదలుపెట్టడానికి ఇది సరిపోతుంది. నెలా రెండు నెలల తర్వాత చెరో పక్క రెండు మూడు వేళ్లు పెంచుకోవచ్చు. పొడుగ్గా ఉండి పాదాలు చిన్నవిగా ఉన్నవాళ్లు మొదటినుంచే కొంచెం పెంచుకోవాలి.

పాదాలు సమాంతరం అంటే పాదాల బయటి అంచులు సమాంతరం. లోపలి అంచులు చూసి సరిపెట్టుకుంటే వేళ్లు బయటికి తిరిగినట్టే, ఎందుకంటే పాదం ముందుభాగం వెడల్పు, మడమ సన్నం. బయటి అంచులు నేరుగా ఉన్నప్పుడు పైనుంచి చూసేవాళ్లకి వేళ్లు కాస్త లోపలికి తిరిగినట్టు అనిపిస్తుంది. అదే సరైనది. వేళ్లు 45 డిగ్రీలు బయటికి పెడితే అది షికోదాచి అవుతుంది. అది వేరే భంగిమ, దాని పని వేరు.

ఇక కూర్చోవడం. నడుం వంచి కిందికి దిగడం కాదు. మోకాళ్లను పక్కలకి తోస్తూ, పిరుదులు రెండు మడమల మధ్యకి నేరుగా దిగాలి. మోకాలిచిప్ప పాదం రెండో వేలి మీదికి రావాలి. బరువు రెండు కాళ్ల మీద సగం సగం. పాదం మొత్తం నేలని పట్టుకోవాలి, అందులో బయటి అంచు మరీ గట్టిగా. తొడలు నేలకి సమాంతరం అయ్యేదాకా దిగమని ఎవరైనా అంటే మొహమాటపడకుండా నవ్వేసి ఊరుకోండి. అంత కిందికి దిగి ఈ కటాలో కాలు దాటించడం, కాలు ఊపడం కుదరదు. అడుగు దాటించినా తల పైకి లేవని లోతే మీ లోతు.

వెన్ను నిటారుగా ఉందో లేదో తెలుసుకోవడానికి అద్దం కంటే కర్ర మేలు. పొడుగాటి చీపురు కర్ర వీపు వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల మధ్య, తోకఎముక దగ్గర, మూడు చోట్లా తగలాలి. కిందికి దిగేకొద్దీ తోకఎముక దగ్గర కర్ర విడిపోతుంటే నడుం అడుగుభాగం గుండ్రంగా వంగుతోందని అర్థం, అంటే పిరుదుల్ని అతిగా ముందుకి లాగేస్తున్నారు. తల దగ్గర విడిపోతే ముందుకి వాలుతున్నారు. ముందుకి వాలడానికి చాలావరకు చీలమండలే కారణం. గోడకి ఎదురుగా నిలబడి, బొటనవేలు గోడకి జానెడులో సగం దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడని తాకండి. తాకలేకపోతే పిక్కలూ చీలమండలూ బిగుసుకుపోయాయన్నమాట. రోజూ చెరో వైపు 15 సార్లు ఇదే పని చేస్తే నాలుగైదు వారాల్లో తేడా వస్తుంది. అప్పటిదాకా కిబాదాచి అంగుళం పైనే ఉంచండి.

మోకాళ్లు లోపలికి వాలడం అన్నిటికంటే పెద్ద జబ్బు. తుంటి పక్కన ఉండే కండరాలు మోకాలిని బయటికి పట్టి ఉంచుతాయి. కుర్చీల్లో, బైకుల మీద రోజంతా గడిపేవాళ్లకి అవి నిద్రపోతుంటాయి. తొడ ముందుకండరం అలిసిపోగానే బరువంతా మోకాలి లోపలివైపు కీలు మీద పడుతుంది. మందు సులభమే. పాత బెల్ట్ ఒకటి తీసుకుని కిబాదాచిలో మోకాళ్లు ఎంత దూరం ఉండాలో అంత వెడల్పున మోకాళ్ల పైన చుట్టి ముడేయండి. నిలబడిన 30 సెకన్లూ బెల్ట్‌ని తెంపేసేలా బయటికి తొయ్యాలి. బెల్ట్ వదులైన క్షణమే మోకాలు వాలిన క్షణం, ఎవరూ చెప్పక్కర్లేదు. సాగే గుణం లేని కాటన్ బెల్ట్ కావడమే ఇక్కడ మంచిది.

అయితే ఒక మాట. తుంటి ఎముక అమరిక అందరికీ ఒకేలా ఉండదు. కొందరు ఎంత ప్రయత్నించినా పాదాలు నేరుగా పెట్టి మోకాళ్లు బయటికి తొయ్యలేరు, గజ్జల్లో ఎముకకి ఎముక తగిలినట్టు అడ్డం పడుతుంది. కండరం లాగడం వేరు, ఇలా అడ్డం పడడం వేరు. వాళ్లు పాదాలు పది పదిహేను డిగ్రీలు తెరుచుకోవడమే నయం. పాదం ఒక దిక్కు, మోకాలు ఒక దిక్కు చూస్తుంటే మాత్రం ఎంత అందంగా నిలబడినా అది తప్పే.

చేతులు కట్టేసి కాళ్లతో కటా

రెండు చేతులూ బెల్ట్ మీద పెట్టుకోండి. కాళ్ల వరకు ఈ కటా ఇంతే. పాదాలు దగ్గరగా హేసోకుదాచి. ఎడమకాలు కుడికాలి ముందునుంచి దాటించి కోసాదాచి (కాళ్లు అడ్డంగా దాటిన భంగిమ). కుడికాలు ఎత్తి కుడిపక్క ఫుమికోమి (తొక్కుతూ దించడం), కిబాదాచి. తర్వాత కుడికాలు ఎడమకాలి ముందునుంచి దాటించి, ఎడమకాలు ఎత్తి ఎడమపక్క ఫుమికోమి. అక్కడే నిలబడి ఎడమకాలితో ఒక నామి గాయెషి (పాదం పైకి ఊపి అక్కడే దించడం), కుడికాలితో ఒకటి. ఇది మొదటి సగం. రెండో సగంలో ఎడమకాలు కుడికాలి ముందునుంచి దాటించి, కుడిపక్క ఫుమికోమి. కుడికాలితో నామి గాయెషి, ఎడమకాలితో నామి గాయెషి. చివర్లో కుడికాలు ఎడమకాలి పక్కకి లాక్కుని పాదాలు కలపాలి. మూడు దాట్లు, మూడు ఫుమికోమిలు, నాలుగు నామి గాయెషిలు.

దాటు దగ్గర ఆగి చూద్దాం. ఎడమవైపు పోవడానికి కుడికాలు దాటించాలి. కిబాదాచిలో బరువు రెండు కాళ్ల నడుమ ఉంది. కుడికాలు నేల వదలాలంటే బరువంతా ముందు ఎడమకాలి మీదికి రావాలి, అంటే తుంటి 35 సెంటీమీటర్లు పక్కకి జరగాలి. ఈ జరుగుడు ఎవరూ చేయరు. కాలు విసిరేసి, పడిపోకుండా ఎడమ మోకాలు నిటారు చేస్తారు. అందుకే తల లేస్తుంది. సరైన వరస ఇది: ఎడమ మోకాలు ఇంకో వేలెడు వంచుతూ తుంటిని ఎడమ మడమ మీదికి జార్చండి. కుడికాలు బరువు లేకుండా తేలికయ్యాక, నేలకి రెండు వేళ్ల ఎత్తులో తెచ్చి, ఎడమపాదం చిటికెనవేలి పక్కన కాలివేళ్ల మెత్తల మీద ఆనించండి. మడమ నేలకి తగలక్కర్లేదు. రెండు పిక్కలూ ఒకదానికొకటి ఒరుసుకోవాలి, మధ్యలో సందు ఉంటే దాటు చాలలేదు. పొలం గెనిమ మీద ఎదురుగా ఎవరైనా వస్తే పక్కకి అడుగేస్తూ దాటినట్టు, తొందర లేకుండా.

మొట్టమొదటి దాటుకి మాత్రం లెక్క వేరు. అక్కడ నిటారుగా నిలబడి ఉన్నారు కాబట్టి కాలు దాటిస్తూనే కిందికి దిగాలి. ఆ దాటులోనే కిబాదాచి ఎత్తుకి వచ్చేయాలి. నిలబడి దాటి, తర్వాత దభీమని కూర్చుంటే కుదరదు.

తల ఎత్తు చూసుకోవడానికి బట్టలారేసే తీగల మధ్య ఒక దారం కట్టండి. కిబాదాచిలో కూర్చున్నప్పుడు నడినెత్తికి రెండు వేళ్ల పైన ఉండాలి. అటు రెండు అడుగులు, ఇటు రెండు అడుగులు, దారం తలకి తగలకుండా. దారమే ఎందుకంటే, తగిలినా తెగదు, దెబ్బ తగలదు, కానీ జుట్టుని తాకినట్టు వెంటనే తెలుస్తుంది.

ఫుమికోమి కోసం మోకాలు నడుం ఎత్తుకి లేవాలి. పాదం పక్క మోకాలి దగ్గరగా పైకి వచ్చి, అక్కడినుంచి పక్కకి దిగాలి. నేరుగా పక్కకి కాలు ఈడ్చి వేస్తే అది ఫుమికోమి కాదు. స్లాబ్ మీద రోజూ దబదబ తొక్కకండి. మోకాలు నిటారుగా ఉండగా మడమ ముందు తగిలితే ఆ అదురు నేరుగా మోకాలికీ నడుంకీ ఎక్కుతుంది. కింద అద్దెకున్నవాళ్లు పైకి వచ్చి అడిగేది ఆ తర్వాతి సంగతి. పది సార్లలో ఎనిమిది సార్లు పాదాన్ని చప్పుడు లేకుండా పెట్టండి, బయటి అంచు, మడమ, వేళ్లు ఒకేసారి తాకేలా. రెండు సార్లు రబ్బరు మ్యాట్ మీదో మట్టి మీదో గట్టిగా తొక్కితే చాలు. చప్పుడు లేకుండా పెట్టగలిగేవాళ్లే బలంగా తొక్కగలరు. కాలు ఎప్పుడు దిగుతోందో వాళ్ల చేతిలో ఉంటుంది కదా.

నామి గాయెషి

తిరిగొచ్చే అల అని దీని అర్థం. పాదం నేల వదిలి, అరికాలు పైకి తిరిగేలా మన రెండో కాలి తొడ వైపు ఎగసి, లేచిన చోటే దిగుతుంది. మోకాలు పెద్దగా కదలదు, పిక్కా పాదమూ గడియారం లోలకం లాగా ఊగుతాయి. కాలిమీదికి వచ్చే తన్ను తప్పించుకోవడానికి, లేదా ఎదుటివాడి కాలిని తన్నడానికి అని వివరిస్తారు.

కష్టం ఎక్కడంటే, వెడల్పుగా కూర్చున్న మనిషి ఒక కాలు లేపితే ఆ పక్కకి పడిపోవాలి. పడకుండా ఉండాలంటే బరువు రెండో కాలి మీదికి జరపాలి. జరిపితే తల ఊగుతుంది, ‘ఇప్పుడు కాలు లేపబోతున్నా’ అని ఎదుటివాడికి దండోరా వేసినట్టే. దీనికి మధ్యేమార్గం వేగం. కాలు పైన ఉండే సమయం ఎంత తక్కువైతే శరీరం పడడానికి అంత తక్కువ వ్యవధి. పూర్తిగా జరపకుండా, తుంటిని ఒక మూడు వేళ్ల మేర మాత్రం జరిపి, కొరడాలా లేపి దించేయాలి. అయితే మొదట్లో వేగంగా చేయకండి. గోడ పక్కన నిలబడి, చేతి చిటికెనవేలు గోడకి ఆనించి, నెమ్మదిగా పాదం దారి నేర్చుకోవాలి. చెరో వైపు పది. రెండో వారం గోడ వదలండి. నెత్తిమీద మడిచిన తువ్వాలు పెట్టుకోండి, పడిపోతే తల ఊగినట్టు.

ఇంకో పని. రెండు పాదాల చుట్టూ సుద్దతో గీసి, నామి గాయెషి తర్వాత పాదం మళ్లీ ఆ బొమ్మలోనే దిగుతోందో చూసుకోండి. చాలామందికి ప్రతిసారీ రెండు మూడు వేళ్లు లోపలికి వస్తుంది. నాలుగు నామి గాయెషిలు అయ్యేసరికి గుర్రం సైకిల్ అయిపోతుంది.

ఇప్పుడు చేతులు

కాళ్ల వరస మూడు వారాలు చేశాక చేతులు కలపండి. షోటోకాన్ లెక్కలో మొత్తం 29 కదలికలు, 15వ దానికీ 29వ దానికీ కియాయ్ (గట్టి అరుపు).

మొదట రెండు అరచేతులూ పొత్తికడుపు ముందు, కుడిచేతి మీద ఎడమచెయ్యి. కుడివైపు చూపు, ఎడమకాలు దాటు, చేతులు అలాగే. కుడి ఫుమికోమితో పాటు కుడిచేత్తో కుడివైపు హైషు ఉకె (చేతి వెనకభాగంతో అడ్డుకోవడం), ఎడమ పిడికిలి తుంటికి. పాదం దిగడం, చెయ్యి ఆగడం ఒకే చప్పుడులా ఉండాలి. వెంటనే ఎడమ మోచేతితో కుడి అరచేతిలోకి ఎంపి (మోచేతి దెబ్బ). రెండు పిడికిళ్లూ కుడి తుంటి దగ్గర కోషి గామాయె: కుడి పిడికిలి వేళ్లు పైకి, దాని మీద ఎడమ పిడికిలి, చేతి వెనకభాగం ముందుకి. ఎడమకి చూపు. ఎడమచేత్తో గెదాన్ బరాయ్ (కిందికి తోసి అడ్డుకోవడం), కుడిచేత్తో కాగి జుకి (కొక్కెం గుద్దు). కుడికాలు దాటు, చేతులు కదలవు. ఎడమ ఫుమికోమితో కుడి ఉచి ఉకె (లోపలినుంచి బయటికి అడ్డుకోవడం) ముందుకి. ఎడమచెయ్యి పైన నాగాషి ఉకె (పక్కకి తోసేసే అడ్డు), కుడిచెయ్యి కింద గెదాన్, అక్కడినుంచి ఎడమ ఉరా జుకి (దగ్గరి గుద్దు), కుడి ముంజెయ్యి ఎడమ మోచేతి కిందికి వస్తుంది. ఎడమకి చూపు, ఎడమ నామి గాయెషి, ఎడమవైపు సోకుమెన్ ఉకె (పక్కకి అడ్డుకోవడం). కుడికి చూపు, కుడి నామి గాయెషి, కుడివైపు సోకుమెన్ ఉకె. మళ్లీ కుడి తుంటి దగ్గర కోషి గామాయె, ఎడమకి చూపు, ఎడమవైపు మొరొతె జుకి (రెండు చేతుల గుద్దు), కియాయ్.

రెండో సగం దీనికి అద్దంలో బొమ్మ. తేడా ఒకటే, మొదట అడుగు ఉండదు. ఉన్న కిబాదాచిలోనే ఎడమవైపు ఎడమచేత్తో హైషు ఉకె, చాలా డోజోల్లో (శిక్షణ శాలల్లో) నెమ్మదిగా చేయిస్తారు. కుడి మోచేతి ఎంపి, ఎడమ తుంటి దగ్గర కోషి గామాయె, కుడి గెదాన్ బరాయ్, ఎడమ కాగి జుకి, ఎడమకాలు దాటు. అక్కడినుంచి అంతా తిరగబడి, కుడివైపు మొరొతె జుకితో రెండో కియాయ్. చివరికి చేతులు మళ్లీ పొత్తికడుపు ముందు మొదట్లో లాగే.

చేతుల్లో ఎక్కువమందికి దారి తప్పేది కాగి జుకి. మోచెయ్యి దాదాపు 90 డిగ్రీలు, ముంజెయ్యి ఛాతీకి సమాంతరంగా, ఒక జానెడు దూరంలో. పిడికిలి శరీరం అంచు దాటి బయటికి పోకూడదు. భుజం లేచిందంటే ఆ గుద్దులో బలం లేదు. భుజాన్ని కిందికి లాగి, చంక కింద ఒక నిమ్మకాయ నలిపేస్తున్నట్టు బిగించండి.

ఎంపి దగ్గర ఇంకో మోసం. మోచెయ్యి తిప్పే ఊపులో అదే పక్క మోకాలు లోపలికి వచ్చేస్తుంది. ఎడమ ఎంపి అయితే ఎడమ మోకాలు. పైభాగం తిరగాలి, తుంటి ముందుకే చూడాలి. మోకాళ్లకి ఆ పాత బెల్ట్ కట్టుకుని ఒక్క ఎంపినే ఇరవై సార్లు చేయండి, ఎక్కడ వదులవుతోందో దొరుకుతుంది.

చూపు ఎప్పుడూ ముందు. తల తిరిగాకే చెయ్యో కాలో కదలాలి. తలతో పాటు భుజం తిరిగితే కర్ర పట్టుకుని మళ్లీ మొదటికి.

మోకాళ్లు, అలిపిరి మెట్లు

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. మొదటి వారం 20 సెకన్ల కిబాదాచి ఐదు సార్లు, మధ్యలో 40 సెకన్లు విరామం. వారానికి ఐదు నుంచి పది సెకన్లు పెంచుతూ 60 సెకన్లు మూడు సార్ల దగ్గర ఆపేయండి. అంతకుమించి నిలబడడం ఓర్పుకి పరీక్షే కానీ కటాకి పెద్దగా ఉపయోగం లేదు. ఆ సమయం దారం కింద అడుగులకి వాడండి. నిలబడినప్పుడు ఊపిరి బిగబట్టకండి. ముక్కుతో పీల్చి నోటితో వదులుతూ అంకెలు పైకి లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

తొడ ముందుభాగం మండడం, వణకడం మామూలే. మోకాలి లోపలివైపు పొడిచినట్టు ఉంటే ఆ రోజుకి ఆపండి, తర్వాతిసారి వెడల్పు తగ్గించి మోకాళ్ల దిక్కు చూసుకోండి. రెండు వారాలకీ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే. పది నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో మోకాలిచిప్ప కింద బుడిపె దగ్గర నొక్కితే నొప్పి అంటుంటే అది ఎదుగుదల వయసులో వచ్చే నొప్పి కావచ్చు. వాళ్లని లోతుగా కూర్చోమని బలవంతపెట్టకూడదు, తొక్కుళ్లూ ఆపించాలి.

మొక్కు ఉండి అలిపిరి మెట్లెక్కిన వారంలో లెక్క మార్చుకోండి. 3,550 మెట్లు, మధ్యలో మోకాళ్ల పర్వతం. ఎక్కినప్పటికంటే దిగినప్పుడే తొడలకి ఎక్కువ పని. కండరం సాగుతూనే బరువుని ఆపాల్సి వస్తుంది కాబట్టి మర్నాడూ ఎల్లుండీ తొడలు రాయిలా పట్టేస్తాయి. పట్టేసిన తొడలతో కిబాదాచికి దిగితే మోకాళ్లు వాలడం ఖాయం. ఆ రెండు మూడు రోజులు నిలబడి చేతులు మాత్రం చేయండి. సంగటి దండిగా తిన్న మధ్యాహ్నాలకి కూడా ఇదే సూత్రం. కనీసం రెండు గంటలు ఆగాలి, లేకపోతే రెండో కియాయ్ బదులు ఇంకేదో వస్తుంది.

గీత ఏం చెబుతుంది

ఆరో వారం నుంచి రోజుకి మూడు కటాలు చాలు. ఒకటి చేతులు లేకుండా, ఒకటి చాలా నెమ్మదిగా, ఒకటి నిండు వేగంతో. నిండు వేగంతో చేసినది 50 సెకన్ల దగ్గర్లో ముగుస్తుంది. పాతికలో అయిపోతే ఆగాల్సిన చోట్ల ఆగడం లేదని.

మూడోది అయ్యాక కదలకుండా కిందికి చూడండి. మొదలైన గుర్తు నుంచి ఇంచుమించు రెండు పాదాల వెడల్పు కుడికి తేలడం సహజం, మొదటి దాటు కుడికి పోయింది కనుక. ఇక్కడొక తమాషా ఉంది. కిబాదాచి వెడల్పు ఎంత పెట్టినా ఈ ముగింపు చోటు మారదు, ఎందుకంటే ప్రతి దాటూ నిలిచిన కాలి పక్కనే ఆనుతుంది. కాబట్టి అంతకంటే పక్కకి తేలారంటే రెండే అనుమానాలు. ఒకటి, ఫుమికోమి వేసేటప్పుడు నిలిచిన కాలు జారుతోంది. రెండు, నామి గాయెషి చేసిన కాలు లేచిన చోట దిగడం లేదు. అందులోనూ మొదటి సగంలో కుడికాలు, రెండో సగంలో ఎడమకాలు, ఈ రెండిటినే ముందు పట్టుకోండి. మిగతా రెండు జరిగినా తర్వాతి అడుగులో లెక్క సరిపోతుంది కాబట్టి బయటపడవు. గీతకి ముందు వైపు పిండి చెరిగి ఉంటే ఫుమికోమి పక్కకి కాకుండా ముందుకి పడుతోంది. అప్పుడు చేతులు మళ్లీ బెల్ట్ మీద పెట్టుకుని, ఆ ఒక్క అడుగే పదిసార్లు.